గెడ్డ నీళ్ళు, ఆరు కుళాయిలు: అనంతగిరి క్యాంపు డైరీ

వెళ్ళేముందు

ఈ డైరీ రాసే పని మేడమ్ నాకు అప్పగించింది నేను బాగా రాస్తానని కాదు. మీటింగులో అందరూ చేతులెత్తి మాట్లాడుతుంటే నేను వెనక కూర్చుని నోట్‌బుక్కులో ఏదో గీసుకుంటూ దొరికిపోయాను. ఆ గీసింది గోడ కొలతలే అన్నా ఎవరూ నమ్మలేదు.

మాది విశాఖపట్నంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ. నేను సివిల్ మూడో సంవత్సరం. ఎన్‌ఎస్‌ఎస్‌లో, అంటే జాతీయ సేవా పథకంలో, చేరినవాళ్ళు రెండేళ్ళలో 240 గంటలు సేవ చెయ్యాలి. ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఒకటి అదనం. 1969 సెప్టెంబరు 24న, గాంధీ శతజయంతి ఏడాదిలో, 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన పథకం ఇది. మా సీనియర్లు చెప్పినదాన్నిబట్టి శిబిరమంటే ముళ్ళకంపలు కొట్టడం, ర్యాలీ తియ్యడం, బ్యానరు ముందు ఫొటో, ఆఖరి రోజు పిక్నిక్. ఈసారి ఏదైనా కడదామని పట్టుబట్టింది మేమే. తర్వాత ఎవర్ని తిట్టుకోవాలో తెలియకుండా పోయింది కూడా అందుకే.

అక్టోబరులో నలుగురం వెళ్ళి చూసొచ్చాం. అల్లూరి సీతారామరాజు జిల్లా, అనంతగిరి మండలంలో కొండ మీద ఒక ఊరు. పేరు రాయను, ఊరివాళ్ళని అడగలేదు. ప్రాథమిక పాఠశాల, 34 మంది పిల్లలు, అయిదు తరగతులకీ కలిపి ఒక్క మాస్టారు. మరుగుదొడ్లు ఉన్నాయి, టైల్స్ వేసి రంగులు కూడా కొట్టారు. తాళం వేసి ఉంది. ఎందుకంటే నీళ్ళు లేవు. చేతిపంపు ఉంది, కొడితే ఎర్రటి నీళ్ళొస్తాయి, అవి ఎవరూ వాడరు. వంట చేసే ఆవిడ రోజూ గెడ్డ (కొండవాగు) దగ్గర్నుంచి బిందెలతో మోసుకొస్తుంది. మధ్యాహ్నం భోజనం ముందు 34 మందీ ఒకే బకెట్లో చేతులు ముంచి తీస్తారు. అది చూశాక ఇక వేరే ప్రాజెక్టు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

బడికి పైన కొండవాలులో ఒక ఊట ఉంది. 20 లీటర్ల బకెట్ పెట్టి టైమ్ చూశాం: నిమిషం నలభై సెకన్లు. అంటే నిమిషానికి 12 లీటర్లు. వేసవిలో చిటికెన వేలంత ధార అవుతుందని, కానీ ఎప్పుడూ ఎండిపోలేదని ఊళ్ళో ఒక తాత చెప్పాడు. మోటారు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. పైనుంచి కిందికి పైపు వేస్తే నీళ్ళు వాటంతట అవే వస్తాయి. కొండ ఊళ్ళలో చాలాచోట్ల చేసేది అదే.

ప్లాన్: ఊట దగ్గర చిన్న ఇటుక తొట్టి, అక్కణ్ణించి 32 ఎంఎం పైపు, బడి వెనక గట్టు మీద 500 లీటర్ల ట్యాంకు, కింద చేతులు కడుక్కునే గోడకి ఆరు కుళాయిలు, మరుగుదొడ్లకి ఒక లైను. డబ్బు ముక్కలు ముక్కలుగా వచ్చింది. సిమెంటు ఎనిమిది బస్తాలు 340 చొప్పున 2,720. ఇటుకలు 350, ఒక్కోటి తొమ్మిది రూపాయలు. ట్యాంకు 4,000. కుళాయిలూ ఫిట్టింగులూ 2,600. ట్రాక్టరు 2,500. మేస్త్రి గారికి అయిదు రోజులు, రోజుకి 900. వీటన్నిటినీ మింగేసింది పైపు: 300 మీటర్లు, మీటరు 57. మొత్తం 36,570. పాస్ అయిపోయిన సీనియర్లు 31,000 పోగేసి ఇచ్చారు. మిగతాది మేమే వేసుకున్నాం. ఒకడు మాత్రం ఇప్పటికీ వంద రూపాయలు బాకీ.

మొదటి రోజు

పొద్దున్నే కిరండూల్ పాసింజరు ఎక్కాం. 48 మందిమి. మూడు గ్యాస్ సిలిండర్లు రైల్లో ఎక్కించనివ్వరు కాబట్టి అవి ముందే ట్రాక్టరులో పంపాం. కిటికీ సీట్ల కోసం కొట్లాట మామూలే. ఈ దారిలో 58 సొరంగాలంటారు. మేం లెక్కపెడుతూ ముప్ఫయ్యొకటో ముప్ఫయ్యో అనే దగ్గర తగువు పడి ఆపేశాం.

దారిలో మా రైలుని పక్కన నిలబెట్టి ఖనిజం నింపిన గూడ్సు ఒకటి పంపించారు. నిజానికి ఈ లైను వేసిందే దానికోసం. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తెచ్చి జపాన్‌కి పంపడానికి కొండలు తొలిచి వేశారు. ప్రయాణికులం మనం మధ్యలో ఎక్కినవాళ్ళం.

శిమిలిగుడలో దిగాం. వెయ్యి మీటర్లకి కాస్త తక్కువ ఎత్తు. ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఇదే ఎత్తైనదనేవారు. డిసెంబరు మొదటి వారం, పదకొండు గంటలకి కూడా మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తోంది. దారి పొడుగునా వలిసె చేలు పసుపు పచ్చగా పూసి ఉన్నాయి. ఫొటోలకి అరగంట పోయింది. ఇది మేడమ్‌కి చెప్పిన లెక్క. అసలు లెక్క గంట.

ఎస్.కోట (శృంగవరపుకోట)లో కొన్న ఇటుకలూ సిమెంటూ ట్రాక్టరు ఊరికి కిలోమీటరు ఇవతల దింపేసింది. ఆ పైన బండి వెళ్ళదు. నాకు తెలిసిన లెక్క: ఇటుక ఒకటి మూడు కిలోలు, 350 అంటే వెయ్యి యాభై కిలోలు. సిమెంటు ఇంకో 400. 48 మందికి పంచితే తలా ముప్ఫై కిలోలు. కాగితం మీద గంట పని.

మేం ఒక్కొక్కళ్ళం నాలుగు ఇటుకలు పొట్టకి ఆనించుకుని నడుస్తుంటే ఊరి ఆడవాళ్ళు తలమీద చుట్టకుదురు పెట్టుకుని పదేసి ఎత్తుకుని మమ్మల్ని దాటుకుని వెళ్ళారు. రెండో ట్రిప్పుకి మాతో ఒక మాట కూడా అనకుండా సిమెంటు బస్తాలు వాళ్ళవైపు లాక్కున్నారు. పిల్లలు దింపినచోట కూర్చుని లెక్క రాశారు: వచ్చినవి 337. పదమూడు ఇటుకలు దారిలో మా చేతుల్లో చచ్చాయి.

మగపిల్లలకి బడి వరండా, ఆడపిల్లలకి అంగన్‌వాడీ గది. రాత్రి చలికి ఎవరూ సరిగా నిద్రపోలేదు. ఉప్మా మాడింది.

రెండో రోజు

పొద్దున తొట్టి పని ఒక బృందానికి, ఇంకుడు గుంత మా బృందానికి. కుళాయిల కింద పడిన నీళ్ళు బురద కాకుండా మీటరు పొడుగు, మీటరు వెడల్పు, నాలుగడుగుల లోతు గుంత తవ్వి రాళ్ళు నింపాలని నా డ్రాయింగు. రెండడుగులు దిగాక గునపం ఖంగుమంది. ఇంకోచోట వేశాం, అక్కడా అంతే. మూడోచోట మెకానికల్ వాడు గట్టిగా పొడిస్తే గునపం వంగింది.

ఈ రాతి పేరు నాకు జియాలజీ పేపర్లో వచ్చింది. ఖోండలైట్. తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండేది ఇదే, ఈ కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల మీదుగా ఆ పేరు పెట్టారు. ఆ జవాబుకి నాకు అయిదుకి నాలుగు మార్కులు వేశారు. రాయి ఎంత లోతులో తగులుతుందో మాత్రం ఆ పేపర్లో అడగలేదు.

మేస్త్రి గారు వచ్చి చూసి నవ్వలేదు, అదే గొప్ప. "ఇక్కడ నీళ్ళు ఇంకవు బాబూ. ఆ పక్కకి కాలవ తీసి మాస్టారి అరటిచెట్లకి పంపించీండి," అన్నాడు. అంతే. గుంత పని రద్దు, పదడుగుల కాలవ. కాగితం మీద మూడు గంటలు పట్టిన నా ఇంకుడు గుంత డ్రాయింగుతో ఆ రాత్రి పొయ్యి రాజేశారు.

గోడ కింద బెడ్ కాంక్రీటు వేశాం, 1:4:8. గమేళాతో కొలిచి ఒక సిమెంటు, నాలుగు ఇసుక, ఎనిమిది కంకర. నాలుగంగుళాల మందం.

మధ్యాహ్నం నుంచి పాఠాలు. మా ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) అమ్మాయిలు నెల రోజులు కూర్చుని చార్టులు చేసుకొచ్చారు. "ఓ" అంటే ఓడ, "ఐ" అంటే ఐసు, "రై" అంటే రైలు. రైలొక్కటి పిల్లలకి తెలుసు. ఓడ చూపించి ఇదేంటి అంటే ఒక పిల్ల చాలాసేపు ఆలోచించి "ఇల్లు" అంది. అందులో కిటికీలున్నాయి మరి.

సాయంత్రం మాస్టారు చెప్పారు: ఈ పిల్లల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. తెలుగు బడిలో నేర్చుకునే భాష. మనం తెలుగులో అడుగుతున్నాం, వాళ్ళు ముందు దాన్ని అర్థం చేసుకుని, తర్వాత జవాబు వెతికి, మళ్ళీ దాన్ని తెలుగు చేసి చెప్పాలి. మనకి మొదటి తరగతిలో ఎవరైనా ఇంగ్లీషులో కూడికలు చెప్తే ఎలా ఉండేదో అలా. ఈ సంగతి అక్టోబరులోనే అడిగి ఉండాల్సింది. మేం గోడ కొలతలు తీసుకున్నాం గాని పిల్లలతో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు.

మూడో రోజు

మేస్త్రి గారు ఎనిమిదింటికి వస్తానన్నాడు. మేం ఏడింటికే లేచి, సర్‌ప్రైజ్ ఇద్దామని మూడు వరసలు కట్టేశాం. పదడుగుల గోడ. దారం కట్టాం. రసమట్టం (స్పిరిట్ లెవెల్) పెట్టి ఫొటో కూడా తీసుకున్నాం.

ఆయన వచ్చి చేత్తో ఒక ఇటుక పట్టుకుని పైకి లాగాడు. లడ్డూ మీంచి జీడిపప్పు ఊడినట్టు వచ్చేసింది. కింద మాలు (సిమెంటూ ఇసకా కలిపిన ముద్ద) పొడిపొడిగా రాలింది.

"ఇటికలకి నీళ్ళు పట్టలేదేటి బాబూ?"

పట్టలేదు. పొడి ఇటుక మాలులోని నీళ్ళు పీల్చేస్తుంది, గట్టిపడటానికి సిమెంటుకి నీళ్ళు మిగలవు. కట్టేముందు ఇటుకల్ని నీళ్ళలో నానబెట్టాలని రెండో సంవత్సరం పుస్తకంలో ఉంది. నేను అండర్‌లైన్ చేసుకున్న వాక్యమే అది.

ఆయన గుండు దారం వేలాడదీసి చూపించాడు. మూడు వరసల్లోనే గోడ బొటనవేలంత ముందుకి వాలింది. "రసమట్టం పైన పెట్టారు, పక్కన పెట్టలేదు," అన్నాడు. మూడు వరసలూ విప్పి, ఇటుకలు గీకి, నీళ్ళ డ్రమ్ములో వేశాం. బుడగలు రావడం ఆగేదాకా ఉంచాలి. ఐదో తరగతి పిల్లలు డ్రమ్ము చుట్టూ కూర్చుని బుడగలకి కాపలా కాశారు. వాళ్ళకి ఆ రోజు అదే సైన్సు పాఠం, నాకూ అదే.

రెండోసారి మేస్త్రి గారు మూలలు కట్టాడు, మధ్యలో మేం నింపాం. ఒక్కో ఇటుకని తాపీ పిడితో రెండు దెబ్బలు, అంతకంటే ఎక్కువ కొట్టకూడదు. సాయంత్రానికి రెండడుగుల ఎత్తు లేచింది. ఒక చివర ఎడంవైపు అయిదో వరసలో ఒక ఇటుక బయటికి పొడుచుకుని ఉంటుంది. అది నాది. ఆయన చూశాడు, వదిలేశాడు.

కుళాయిల ఎత్తు మీద కాసేపు వాదన నడిచింది. అన్నీ ఒకే ఎత్తులో ఉంటే అందంగా ఉంటుందని మా వాళ్ళు. మాస్టారు ఒకటో తరగతి పిల్లని తెచ్చి గోడ పక్కన నిలబెట్టారు. వాదన అయిపోయింది. మూడు కుళాయిలు కింద, మూడు పైన.

పాఠాల పద్ధతి కూడా మార్చేశాం. చార్టులు చుట్టి పక్కన పెట్టాం. పిల్లలు మాకు ఒక మాట చెప్తారు, మేం దానికి తెలుగు చెప్తాం, ఇద్దరం పలక మీద తెలుగు అక్షరాల్లో రాస్తాం. నీళ్ళు వాళ్ళకి పాణి. మేం పలికిన తీరుకి తరగతి మొత్తం దొర్లి దొర్లి నవ్వింది. నిన్న నోరు విప్పని పిల్ల ఇవాళ మా ఈసీఈ అమ్మాయిని బెంచీ ఎక్కించి నిలబెట్టింది, అదే మాట మూడుసార్లు తప్పు పలికినందుకు.

లెక్కలు ఇటుకల దగ్గరే. వరసకి ఇన్ని, ఎనిమిది వరసలకి ఎన్ని. ఒక తట్ట సిమెంటుకి ఆరు తట్టల ఇసుక, మరి మూడు తట్టలకి? నాలుగో తరగతి పిల్లాడొకడు మేం చెప్పకముందే పద్ధెనిమిది అని, "కానీ ఇసక అయిపోతది" అన్నాడు. నిజమే, మర్నాటికి అయిపోయింది.

నాలుగో రోజు

పైపు వేసే రోజు. కాలేజీ సర్వే ల్యాబ్ నుంచి ఆటో లెవెల్, అంటే ఎత్తుల తేడా కొలిచే పరికరం, బతిమాలి తెచ్చుకున్నాం. తొమ్మిదింటిదాకా మంచు, పది అడుగుల అవతల స్టాఫు (కొలత కర్ర) పట్టుకున్నవాడు కనిపించడు. అరిచి చెప్పుకోవడమే. ఫోనులో ఎత్తు చూపించే యాప్ ఒకడు తీశాడు. దాని ప్రకారం బడి ఊట కన్నా పైన ఉంది.

మేస్త్రి గారు పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ట్యూబు తెచ్చాడు, అందులో నీళ్ళు. రెండు కొసలా నీటిమట్టం ఒకటే ఉంటుంది. అంచెలంచెలుగా దిగుతూ కర్ర మీద గీతలు పెట్టుకుంటూ కొలిచాం. ఊట నుంచి బడికి 11 మీటర్ల పల్లం. పది మీటర్లకి సుమారు ఒక కిలో ఒత్తిడి కాబట్టి చాలు, బోలెడు. పైపు పొడుగు 280 మీటర్లు.

మధ్యలో ఒక చోట దారి రెండు మీటర్లు పైకి లేచి మళ్ళీ దిగుతుంది, రాతి గుట్ట. నేను లెక్క వేసి ఫరవాలేదన్నాను. ఊట కన్నా ఆ గుట్ట తక్కువ ఎత్తే, నీళ్ళు ఎక్కుతాయి. ఈ వాక్యం గుర్తుంచుకోండి.

ఊరివాళ్ళు ఒక్క షరతు పెట్టారు. ఊట నీళ్ళన్నీ పైపులో పెట్టుకోవద్దు. తొట్టి నిండాక పొర్లేవి గెడ్డలోకే పోవాలి, కింద ఇద్దరి మడి చెక్కలు ఆ నీళ్ళ మీదే ఉన్నాయి. అంత మాట మాకు తట్టనే లేదు. తొట్టికి పొర్లు గొట్టం పెట్టి గెడ్డ వైపు తిప్పాం. పైపు మూతికి జల్లెడ కట్టాం.

సాయంత్రం అయిదింటికి పైన వాల్వు తిప్పారు. కింద 40 మంది పైపు చుట్టూ నిలబడి వీడియో ఆన్ చేశారు. పైపు ఒకసారి దగ్గింది. ఒక గ్లాసుడు బురదనీళ్ళు వచ్చాయి. తర్వాత గాలి. తర్వాత ఏమీ లేదు.

చీకటి పడేదాకా చూశాం. ఎక్కడా లీకు లేదు. తొట్టి నిండి పొర్లుతోంది. పైపులోకి నీళ్ళు వెళ్ళాయి, బయటికి రావడం లేదు. నాకు ఆ రాత్రి తిండి సయించలేదు, టెన్షన్. చేసిన లెక్క మళ్ళీ మూడుసార్లు చేశాను. ప్రతిసారీ నీళ్ళు వచ్చాయి, కాగితం మీద.

అయిదో రోజు

పొద్దున్నే ఆ తాత, ఊట ఎండదని చెప్పినాయన, పైపు వెంట నడుచుకుంటూ చేత్తో తట్టుకుంటూ వచ్చాడు. పుచ్చకాయ తట్టినట్టు. గుట్ట మీద ఆగి, మళ్ళీ తట్టి, "గాలి పట్టింది," అన్నాడు.

విషయం ఇది. పైపు నిండేటప్పుడు లోపలి గాలి ఎత్తు మీదికి చేరి అక్కడ ఇరుక్కుపోతుంది. ముందుకి పోలేదు, వెనక్కి రాలేదు. దాన్ని తోసే ఒత్తిడి మనకి చాలలేదు. పుస్తకంలో ఎయిర్ వాల్వ్ అని బొమ్మతో సహా ఉంది, పెద్ద పెద్ద పైపులైన్ల అధ్యాయంలో. ముప్ఫై రెండు ఎంఎం పైపుకి కూడా అదే నియమమని నాకు తోచలేదు.

తాత గారి పద్ధతి: మేకు కాల్చి పైపుకి బెజ్జం పెట్టడం, గాలి పోయాక వెదురు పుల్ల కొట్టేయడం. వాళ్ళ పొలాలకి వేసుకున్న పైపులన్నిటికీ అలాంటి పుల్లలే. మేం కాస్త చదువుకున్నవాళ్ళం కాబట్టి పైపు కోసి టీ (మూడు మూతుల జాయింటు) పెట్టి, దానికి చిన్న కుళాయి బిగించాం. మెకానికల్ వాడు తిప్పగానే పాము బుసకొట్టినట్టు గాలి, అరనిమిషం. తర్వాత నీళ్ళు చిమ్మి వాడి ముఖం మీద పడ్డాయి. కింద నుంచి కేకలు వినపడ్డాయి.

పరుగెత్తుకుంటూ దిగేసరికి ట్యాంకులో ధార పడుతోంది. టైమ్ చూశాం, 500 లీటర్లు నిండటానికి 43 నిమిషాలు. ఊట ఇచ్చేది అంతే. పైపు ఇంకా ఎక్కువ మోయగలదు గాని, ఉన్నదే వస్తుంది.

ఇంకో మార్పు కూడా తాత చెప్పినదే: ట్యాంకు దగ్గర వాల్వు పూర్తిగా తెరవకూడదు. తెరిస్తే పైపు ఊట కన్నా వేగంగా తాగేసి, పైన మూతి నీళ్ళలోంచి బయటపడి మళ్ళీ గాలి మింగుతుంది. కాస్త నొక్కిపెట్టి ఉంచాలి. ఎంత తిప్పాలో వాల్వు మీద మేకుతో గీత గీశాం.

మధ్యాహ్నం ప్లాస్టరింగ్, 1:4. అల్యూమినియం బద్ద పట్టుకోవడం కూడా ఒక విద్యే. చలికి మాలు గట్టిపడటం ఆలస్యమైంది. మైదానంలో అయితే రెండు గంటల్లో నునుపు చేసుకోవచ్చట, ఇక్కడ సాయంత్రందాకా వేచి చూడాల్సొచ్చింది.

చేతులు కడుక్కునే పాఠం పసుపుతో చెప్పాం. పసుపు ఈ ఊళ్ళో పండేదే. చేతులకి నూనె రాసి పసుపు అద్దుకుని ఒట్టి నీళ్ళతో కడిగితే పోదు, సబ్బుతో రుద్దితే పోతుంది. గోళ్ళ సందుల్లో మిగిలింది చూసి ఒకళ్ళనొకళ్ళు పట్టించుకున్నారు. మా మేడమ్ గోళ్ళలో కూడా మిగిలింది. అది వాళ్ళకి ఆ వారంలోకెల్లా ఇష్టమైన క్లాసు.

ఆరో రోజు

చూడ్డానికి వెళ్ళే రోజు. పని మధ్యలో ఆపి ఊరు తిరగడం నాకు మొదట్లో నచ్చలేదు. మేస్త్రి గారే "గోడ ఇవాళ నీళ్ళు తాగుతాది గాని మిమ్మల్ని తాగదు, ఎల్లండి" అన్నాడు. గోడ గట్టిపడేలా నీళ్ళు కొట్టడానికి, అంటే క్యూరింగ్‌కి, ఆరుగురిని ఉంచి, మాస్టారి అనుమతితో నాలుగూ ఐదూ తరగతుల పిల్లల్ని కూడా జీపుల్లో ఎక్కించుకున్నాం. బొర్రా గుహలు వాళ్ళ మండలంలోనే ఉన్నాయి, పదకొండు మందిలో ముగ్గురు తప్ప ఎవరూ చూడలేదు.

గుహలోకి దిగుతుంటే గబ్బిలాల వాసన, రంగు లైట్లు. గైడు ఒక్కో రాతికీ ఒక్కో పేరు చెప్తున్నాడు, శివపార్వతులు, మొసలి, మనిషి మెదడు. పిల్లలు ఆయన్ని మించిపోయి ప్రతిదానికీ కొత్త పేర్లు పెట్టారు. నేను మాత్రం పైనుంచి పడే చుక్కల దగ్గరే నిలబడిపోయాను. సున్నపురాతిని కరిగించుకుని దిగిన నీటిచుక్క పైన కాస్త, కింద కాస్త సున్నం వదిలి పోతుంది. అలా వేల ఏళ్ళకి పైనుంచి ఒక స్తంభం, కిందనుంచి ఒక స్తంభం. మేం అయిదు రోజులుగా బస్తాల్లోంచి తీసి కలుపుతున్న సిమెంటు కూడా సున్నపురాయిని కాల్చి చేసిందే. "ఇక్కడ క్యూరింగ్ ఇంకా అవ్వలేదు," అన్నాను. సివిల్ వాళ్ళు తప్ప ఎవరూ నవ్వలేదు.

గుహ మీదుగానే మేం వచ్చిన రైలు పట్టాలు వెళ్తాయి. కింద గోస్తని. ఈ నది ఇక్కణ్ణించి దిగి తాటిపూడి జలాశయం నింపి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్ళు విశాఖకి వస్తాయి. పిల్లలకి ఇది చెప్తే ఒక పిల్ల అడిగింది: "మీ ఇంట్లో మా నీళ్ళేనా?"

అవునన్నాను. "మరి మీకు ఎన్ని కుళాయిలు?"

హాస్టల్లో అంతస్తుకి పదహారు. లెక్క చెప్పకుండా జీపెక్కించాను.

తిరుగు దారిలో కాఫీ తోట దగ్గర ఆగాం. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియం తీగ. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా వాళ్ళు దుకాణంలో కప్పు కాఫీకి ఫొటోలు తీసుకుంటుంటే పిల్లలు ఎర్రటి పండు ఎలా కొయ్యాలో చూపించారు. పండునే తియ్యాలి, కాడని లాగకూడదు, లాగితే వచ్చే ఏడాది మొగ్గ పోతుంది. వాళ్ళు సెలవుల్లో అమ్మలతో కలిసి కోస్తారు. పండు పైతొక్క చీకితే తియ్యగా ఉంటుందని కూడా వాళ్ళే చెప్పారు. వెదురు గొట్టంలో కాల్చిన బొంగు చికెన్ మేం తిన్నాం, ధర విని పిల్లలు మమ్మల్ని వింతగా చూశారు.

అరకు గిరిజన మ్యూజియం మూసేలోపు అందుకోలేకపోయాం. నిజం చెప్పాలంటే ఆ కాఫీ ఫొటోల వల్ల.

ఏడో రోజు

ప్రారంభోత్సవానికి రిబ్బను తెద్దామని ఎవరో అన్నారు, ఎవరూ తేలేదు. పదిన్నరకి వంట చేసే ఆవిడ బిందె తెచ్చి కింది కుళాయి తిప్పి నింపుకుని వెళ్ళిపోయింది. అదే ప్రారంభోత్సవం. మరుగుదొడ్ల తాళం మాస్టారు తీశారు. లోపల సాలెగూళ్ళు, ఒక చీపురు, 2 బస్తాల పాత పుస్తకాలు. అవి శుభ్రం చెయ్యడానికి మధ్యాహ్నం అయింది.

పోయేముందు ఊళ్ళో ఎనిమిది మందికి, అందులో అయిదుగురు ఆడవాళ్ళు, పైపు మొత్తం నడిచి చూపించాం. జల్లెడ విప్పి కడగడం, గుట్ట మీది కుళాయి తిప్పడం, వాల్వు మీది గీత, కుళాయి వాషరు మార్చడం. వాషరు మార్చడం వాళ్ళు మా కన్నా ముందే చేసేశారు. తాత తిట్టాడు, ఆ గుట్ట మీద ఇత్తడి కుళాయి పెడితే ఎవడో ఎత్తుకుపోతాడని, పుల్లే మేలని.

గోడకి ఇంకో వారం రోజులు రోజుకి మూడుసార్లు నీళ్ళు కొట్టాలి. ఐదో తరగతి పిల్లలు వంతులు రాసుకున్నారు, పలక మీద కాదు, గోడ మీదే, సుద్దతో. నీళ్ళు కొట్టగానే అది చెరిగిపోతుందని చెప్పాను. "అప్పుడు కొట్టినట్టు తెలుస్తాది," అన్నాడు ఇసక అయిపోతదన్న పిల్లాడు.

సాయంత్రం ధింసా, ఇక్కడి గిరిజనుల నాట్యం. ఆడవాళ్ళు చేతులు వెనక పెనవేసుకుని వరసగా నిలబడి అడుగులేస్తుంటే మా అమ్మాయిలు మధ్యలో దూరారు. మూడో చుట్టుకే ఎవరి కాలు ఎవరిదో తెలియలేదు. మా మెకానికల్ వాడు డప్పు దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు.

మార్చి నెల, తర్వాత రాసింది

మాస్టారు ఫోన్ చేశారు. కింది వరసలో ఒక కుళాయి కారుతోంది, పై వరస బాగానే ఉంది. కింది వరస మీద పిల్లలు ఎక్కి కూర్చుంటున్నారట. ఊట ధార తగ్గింది, ట్యాంకు నిండటానికి రెండు గంటలు పైన పడుతోంది, అయినా మధ్యాహ్నానికి నిండుతోంది. ప్లాస్టరింగ్‌లో సన్న పగుళ్ళు రెండు వచ్చాయి, ఫొటో పంపారు. నేను పొడుచుకొచ్చేలా పెట్టిన ఇటుక మీద సబ్బు పెట్టుకుంటున్నారు.

గుట్ట మీది ఇత్తడి కుళాయి జనవరిలోనే పోయిందట. ఆ చోట వెదురు పుల్ల ఉంది.

ఏప్రిల్లో ఇద్దరం వెళ్తున్నాం. తీసుకెళ్ళాల్సినవి: అరంగుళం వాషర్లు పది, టెఫ్లాన్ టేపు, సిమెంటు అయిదు కిలోలు, ఓడ బొమ్మ లేని అక్షరాల చార్టు.

వంద రూపాయల బాకీ ఇంకా రాలేదు.